నీళ్ళు తీయని లంక

మా అక్కావాళ్ళ ఊరి హైస్కూల్లో మాట్లాడమని నన్ను మొదటిసారి పిలిచిన రోజున గేటుకి కట్టిన ఫ్లెక్సీ మీద "శ్రీలంక టీచరు గారికి స్వాగతం" అని ఉంది. నేను పాఠాలు చెప్పింది మాల్దీవుల్లో. కొలంబోలో విమానం మారడమే తప్ప శ్రీలంకతో నాకే సంబంధమూ లేదు. ఆ సంగతి గేటు దగ్గరే హెడ్మాస్టరు గారికి చెప్పాను. ఆయన అయ్యో అన్నారు, అటెండరుని పిలిచి చెవిలో ఏదో చెప్పారు, నన్ను స్టాఫ్ రూములోకి తీసుకెళ్ళి టీ ఇప్పించారు. టీ తాగి బయటికి వచ్చేసరికి "శ్రీ" మీద తెల్లకాగితం అంటించి ఉంది. "లంక టీచరు గారికి స్వాగతం" మిగిలింది.

అప్పటినుంచి ఈ చుట్టుపక్కల నా పేరు లంక టీచరు. కూరగాయల బండి దగ్గర కూడా అదే. పెళ్ళి చేసుకోలేదు గనక నా పేరు ముందు శ్రీమతి లేదు. పొరపాటున వచ్చిన ఒక్క శ్రీని కూడా జిగురు రాసి మూసేశారు. ఇదంతా నవ్వుతూ చెప్పుకోవాల్సిన విషయమని అక్క అంటుంది. అక్కకి నవ్వొస్తే అక్క చెప్పుకోవచ్చు.

లంక అన్న మాట నా మెడకి చుట్టుకోవడానికి కారణం ఉంది. మా పుట్టిల్లు కృష్ణ ఒడ్డున. ఏటి మధ్యలో మేట వేసి తేలిన నేలని మేం లంక అంటాం. మా నాన్నకి లంకలో పసుపు, కంద ఉండేవి. శ్రావణంలోనో భాద్రపదంలోనో ఎగువ నుంచి వరద వచ్చేది. లంక మునిగేది. పశువుల్ని గట్టు మీదికి తోలుకొచ్చేవాళ్ళు, స్కూలు వరండాలో వంటలు చేసేవాళ్ళు, పిల్లలం మాకు సెలవులని సంబరపడేవాళ్ళం. తర్వాత నీళ్ళు తీసేవి. తీయడమంటే వరద వెనక్కి పోవడం. "తీసిందా?" అని ఒకరు, "సాయంత్రానికి తీసిద్దిలే" అని ఇంకొకరు, వాన వెలిసిందా అన్నంత మామూలుగా అడుగుతూ చెప్పుకుంటూ ఒడ్డున నిలబడేవాళ్ళు. తీసిన తర్వాత లంక మీద జానెడు ఒండ్రు ఉండేది. ఆ ఏడు ఎరువు తగ్గించి వేసేవాళ్ళు, పసుపు బాగా ఊరేది. లంక మునగడమన్నది మా ఇళ్ళలో ఏడుపు మాట కాదు. కాస్త ఓపిక పడితే లాభం వచ్చే మాట.

అందుకని నాకు మాల్దీవుల్లో ఉద్యోగం వచ్చినప్పుడు బావ, అంటే అక్క భర్త, ఊరంతా ఒకటే చెప్పాడు: మా మరదలికి లంకలో ఉద్యోగమొచ్చిందని. బావ మాకు మేనత్త కొడుకే. పిడుగురాళ్ల వైపు నల్లరేగడి ఊరు వాళ్ళది, మిరపా పత్తీ వేస్తాడు. గొంతు పెద్దది. ఎవరో పెద్దాయన, లంకలో మంచి గేదె దొరికితే చూడమని నాకు కబురు పంపాడు. బావ ఆ మాట సరిదిద్దలేదు. గేదెని తెస్తావా మరదలా అని నేను బయల్దేరే రోజున కారు డోరు పట్టుకుని అడిగాడు. డ్రైవరు కూడా నవ్వాడు. ఆ డ్రైవరు ఇప్పటికీ బస్టాండు దగ్గర కనిపిస్తాడు. నేను అతని కారు ఎక్కను.

నేను పనిచేసిన దీవి చిన్నది. ఎంత చిన్నదంటే గుంటూరు మిరప యార్డు మెయిన్ గేటు దగ్గర బయల్దేరి చివరి షెడ్డు దాకా నడిస్తే ఎంతో, దీవి అడ్డంగా ఇంచుమించు అంత. వీధిలో నిలబడితే ఈ చివర సముద్రం, ఆ చివర సముద్రం. కొండ లేదు, గుట్ట లేదు, ఎక్కి నిలబడడానికి మిద్దె తప్ప వేరే ఎత్తు లేదు. ఒక ముసలావిడ ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను. భర్త చనిపోయి చాలా కాలమైంది. ఆయన సమాధి దీవి పల్లపు వైపు, మసీదు వెనక ఉంది. ఆవిడ సాయంత్రాలు వాకిట్లో తాళ్ళతో అల్లిన కుర్చీలో కూర్చునేది. దాన్ని వాళ్ళు జోలి అంటారు. మా జోలె లాంటిదే అని నేనంటే, మీ మాట మా దగ్గరికి వచ్చిందా మా మాట మీ దగ్గరికి వచ్చిందా అని అడిగింది. మా ఇద్దరికీ కలిసిన భాష, సినిమాలు చూసి ఆవిడ నేర్చుకున్న హిందీ, దానికి నేను కలిపే ఇంగ్లీషు.

ఆవిడ పొద్దున్నే చేపా కొబ్బరీ ఉల్లిపాయా కలిపి నలిపి పెట్టేది. అందులోకి నేను సెలవులకి ఇంటికొచ్చినప్పుడు తెచ్చుకున్న బావ కల్లంలోని ఎండుమిరపకాయ ఒకటి తుంచి వేసేది. ఎక్కువేస్తే నీళ్ళు తాగుతూ తనూ నేనూ నవ్వేవాళ్ళం. గింజలు పారెయ్యకుండా పెరట్లో సగానికి కోసిన డ్రమ్ములో చల్లింది. ఒకటి బతికింది. కొబ్బరాకులు కుళ్ళబెట్టిన మట్టిలో, అంత ఇసుకలో, మన నల్లరేగడి మిరప కాపు కాసింది. ఫోటో తీసి బావకి పంపితే, నా కాయ నీ లంకలో కూడా అల్లరి చేస్తోందన్నమాట అని జవాబిచ్చాడు. మెచ్చుకోవడం ఆయనకి అలాగే వచ్చు.

నేను వచ్చేసే నాటికి ఆ దీవిని ఖాళీ చేయించి జనాన్ని పెద్ద దీవికి మారుస్తారన్న మాట నలుగుతోంది. పున్నమి పోటు వస్తే పల్లపు వైపు ఇళ్ళలోకి సముద్రం రావడం మామూలైపోయింది. కొబ్బరిచెట్లు వేళ్ళు బయటపడి నీళ్ళలోకి వాలిపోయి ఉండేవి. ఇసుక బస్తాలు పేర్చేవాళ్ళు, సముద్రం వాటిని ఒక్కోటీ తీసుకుపోయేది. కొంతమంది మారదామన్నారు, కొంతమంది వద్దన్నారు. ఇంటావిడ వద్దన్న వాళ్ళలో ఉంది. ఇల్లు కట్టింది ఆమె భర్త. ఆయన్ని వదిలి ఎక్కడికెళ్తానంది.

జెట్టీ దగ్గర నా పెట్టె పడవలోకి ఎక్కించాక ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

"మీది పెద్ద దేశం టీచర్. అక్కడ చెప్పు. ఈ ఇల్లు ఉంటుందో పోతుందో నాకు తెలియదు. ఇక్కడ ఇల్లు ఉందని తెలిసినవాళ్ళు ఎక్కడో కొంతమంది ఉండాలి."

చెప్తానన్నాను. తిరిగొచ్చి అక్కావాళ్ళ మేడ మీది గదిలో ఉంటూ, మాట ఇచ్చాను గనక చెప్పాను. ఎలా విన్నారన్నదే నా గొడవ.

హైస్కూల్లో మొదటి రోజు స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో అప్పడం పెట్టాను. ఆ దేశంలో నేలంతా ఇంత పల్చగా, ఇంత పల్లంగా ఉంటుందని చెప్పి, చెంబుతో నీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ ఎక్కడెక్కడో మంచు కరగడం, వేడికి సముద్రమే ఉబ్బడం, మన బండ్ల పొగ, మన బట్టీల పొగ అన్నీ వరసగా చెప్పుకుపోయాను. అప్పడం అంచులు మెత్తబడి నీళ్ళలోకి జారుతున్నాయి. పిల్లలు కళ్ళార్పకుండా చూస్తున్నారు. నా పాఠం పనిచేస్తోందనుకున్నాను. వెనక బెంచీలో ఒక పిల్ల, "ఇంకా వేయించినయ్యి ఉన్నయ్యా మేడం" అంది. మధ్యాహ్న భోజనం వేళకి పెట్టారు నా పీరియడ్. హెడ్మాస్టరు గారు కూడా నవ్వి, ఈసారి చపాతీ తెండి మేడం, అది కాస్త ఆగుతుంది అన్నారు.

డ్వాక్రా సమావేశంలో అప్పుల సంగతీ బ్యాంకు సంగతీ అయ్యాక నాకు మైకిచ్చారు. "సముద్రమట్టం" అన్నానో లేదో, టెంటు హౌస్ వాళ్ళు కుర్చీలు మడవడం మొదలుపెట్టారు. నేను ఆపలేదు. చివరి కుర్చీ మడిచేదాకా మాట్లాడాను. ఆ కుర్చీలో కూర్చున్నావిడ నా కోసం కాదు, ఆటో కోసం ఆగిందని తర్వాత తెలిసింది. సున్నం బట్టీ ఉన్న ఒకాయన మర్నాడు ఇంటికొచ్చి, నా పొగ గురించి మాట్లాడిందంట మీ మరదలు, బట్టీ ఆపేస్తే కూలీలకి ఆమె పెడతదా అన్నం, అని బావని అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే. నన్నడిగి ఉంటే జవాబు చెప్పేదాన్ని. నేను అక్కడే మెట్ల మీద ఉన్నాను, నన్నడగలేదు.

ప్రతి శుక్రవారం ఇంటావిడ ఫోను చేసేది. అక్కడ శుక్రవారం సెలవు. ముందు మీ వాళ్ళకి చెప్పావా అని అడిగేది. నేను అప్పడం సంగతీ కుర్చీల సంగతీ కోపంగా చెబితే ఆవిడకి దగ్గొచ్చేంత నవ్వొచ్చేది. ఆవిడ నవ్వితే నాకు తప్పుగా అనిపించలేదు. లోకంలో ఆ వెసులుబాటు ఒక్క ఆవిడకే ఇచ్చాను. తర్వాత నేనడిగేదాన్ని, ఇంటి సంగతేమైందని. ఇంకా ఏం తేల్చలేదనేది. పల్లపు వైపు ఎవరో వెళ్ళిపోయారని, బడిలో పిల్లలు తగ్గిపోయారని, పిల్లలు తగ్గితే టీచర్లని పంపరని, టీచర్లు లేకపోతే ఉన్నవాళ్ళూ వెళ్ళిపోతారని చెప్పేది.

ఒక కార్తీకమాసంలో ఊళ్ళో ఆడవాళ్ళంతా సముద్రస్నానానికి కొత్తపట్నం బస్సు మాట్లాడుకుంటే నేనూ వెళ్ళాను. నాకు తీర్థం అక్కర్లేదు. వీళ్ళకి సముద్రాన్నే చూపించి చెప్తే పళ్ళెంతో పనుండదు కదా అనుకున్నాను. స్నానాలూ దీపాలూ అయ్యాక అందర్నీ ఇసుకలో కూర్చోబెట్టాను. ఇది ఒకవైపు కాదు, నాలుగు వైపులా ఉందనుకోండి, మీ ఇంటి ముందు వాకిట్లోంచి ఇది కనిపిస్తోందనుకోండి, మీ పెరట్లోకి వచ్చిందనుకోండి అని మొదలుపెట్టాను. కొంతమంది నిజంగానే కళ్ళు మూసుకున్నారు. అప్పుడే ఒక అల వచ్చి అక్క చీర అంచు తడిపి వెనక్కి పోయింది.

"వచ్చింది, పోతోందిగా," అంది అక్క. "తీసిందిగా. అంత భయపెడతావేంది అందర్నీ."

అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. పులిహోర డబ్బాలు తెరిచారు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకావిడ మమ్మల్నే చూస్తోంది. ఒకప్పుడు తమ గుడిసెలుండే చోటు ఇప్పుడు అదిగో ఆ నురుగు దగ్గరని చేత్తో చూపించింది. మావాళ్ళు ఎవరూ అటు చూడలేదు. నేనొక్కదాన్నే చూశాను. నన్ను చూసి ఆవిడ వల వైపు తిరిగిపోయింది.

అప్పుడు నాకు తెలిసింది, నా పాఠానికి అడ్డం పడుతున్నది చదువు లేకపోవడం కాదని, తీయడమన్న ఆ ఒక్క మాటేనని. నీళ్ళంటే వచ్చేవి, తీసేవి. ఎంత వచ్చినా తీసేవి. వీళ్ళకి నేను మునుగుతోందని చెప్పిన ప్రతిసారీ, వీళ్ళ మనసులో ఆ వాక్యం దానంతటదే పూర్తయిపోతోంది.

ఆ తర్వాతి మాఘంలో మిరప కల్లాల మీద ఉండగా వానొచ్చింది. ఆ నెలలో వాన పడకూడదు. ఈమధ్య పడుతోంది. పట్టాలు కప్పినా నీళ్ళు కింది నుంచి పారాయి. రెండు రోజులకి పట్టా ఎత్తితే ఎర్రగా ఉండాల్సిన కాయ తెల్లబారి, చేత్తో ముట్టుకుంటే మెత్తగా ఉంది. అలాంటి కాయని తాలు అంటారు, యార్డులో పక్కకి నెట్టేస్తారు. బావ మాట్లాడకుండా తాలు ఏరి వేరే కుప్ప పోస్తున్నాడు. చుట్టుపక్కల కల్లాల వాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. అలాంటప్పుడు మాట్లాడకూడదని నాకు తెలుసు. అలాంటప్పుడైనా వింటారేమోనని మాట్లాడాను. ఈ వాన కాలం కాని కాలంలో ఎందుకొచ్చిందో, ఆ దీవి ఎందుకు మునుగుతోందో, రెండూ ఒకటేనని చెప్పాను.

పక్క కల్లం ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "మా కల్లం మునిగిందమ్మా. మీ లంక సంగతి తర్వాత చూద్దాం. లేకపోతే ఈ తాలుకాయ ఆ లంకోళ్ళని కొనమనండి."

నవ్వారు. అంత నష్టంలోనూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది బావ. ఎదురుగా తెల్లబారిన కుప్ప పెట్టుకుని ఎలా నవ్వగలిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పూట నేను అన్నం తినకుండా మేడ మీద నా గదిలోకి వెళ్ళిపోయాను. అక్క పళ్ళెం పైకి పంపింది. వెనక్కి పంపాను.

ఆ వేసవిలోనే ఒక శుక్రవారం మధ్యాహ్నం ఇంటావిడ వీడియో కాల్ చేసింది. నేను కింద వరండాలో ఉన్నాను. బావ మంచం మీద పడుకుని కళ్ళు మూసుకున్నాడు, నిద్రపోతున్నాడనుకున్నాను. వారం కింద పెద్ద పోటు వచ్చి దీవి ఆ పక్క నుంచి ఈ పక్కకి నీళ్ళు నడిచి వెళ్ళాయట. ఆవిడ ఫోను పట్టుకుని తిరుగుతూ చూపిస్తోంది. గోడ మీద తడి గుర్తు, ఇసుక పేరుకున్న గుమ్మం, మూత పెట్టేసిన బావి. తర్వాత పెరట్లో డ్రమ్ము. మిరపమొక్క నిలబడే ఉంది. ఆకుల అంచులు కాల్చినట్టు మాడిపోయాయి. కాయలు చిన్నవిగానే ముడుచుకుపోయాయి.

"ఇటియ్యి," అన్నాడు బావ. లేచి కూర్చున్నాడు.

ఇచ్చాను. ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"మన కాయేనా ఇది?"

"నీ కల్లంలో కాయే. దాంట్లో గింజే."

"చౌడు తగిలింది."

ఇన్నేళ్ళుగా నేను వెతుకుతున్నది ఈ మాట. ఉప్పు పట్టిన నేలని మావైపు చౌడంటారు. చౌడు బారిన పొలమంటే పిల్ల కూడా నవ్వదు. నేను సముద్రమట్టం అన్నాను, పర్యావరణం అన్నాను, చౌడు అన్న మాట నా నోటికి రాలేదు. ఆ అవకాశం కూడా ఆయనకే దక్కింది.

"నీళ్ళు తీశాయా?" అని అడిగాడు.

"తీశాయి."

"తీస్తే ఇంకేం. మంచినీళ్ళు నిలబెట్టి రెండు తడులు కడిగితే ఉప్పు కిందికి దిగిద్ది. జిప్సం చల్లమను. జీలుగ వేసి పూత రాకముందే కలియదున్నమను. మన కాలవ చివర పొలం అట్టాగేగా బాగుచేసింది. చౌడుకి మందు లేకపోవడమేంది."

"మంచినీళ్ళు లేవు బావా. బావి ఉప్పెక్కింది. వాననీళ్ళు తాగడానికే చాలవు."

"బోరెయ్యమను."

"కింద ఉన్నదీ సముద్రమే."

"దున్నడానికి ఎంత ఉంటదో నేల?"

చెప్పాను. యార్డు గేటూ చివరి షెడ్డూ కొలత చెప్పాను. ఇది ఆయనకి ఎన్నోసారి చెప్పడమో. మొదటిసారి వింటున్నట్టు విన్నాడు. ఫోనులో ఇంటావిడ, ఎవరు, ఏమంటున్నారు అని అడుగుతోంది. మిరపకాయ పండించినాయన, మొక్కకి మందు చెప్తున్నాడని చెప్పాను. ఆవిడ మొక్కని ఇంకా దగ్గరగా చూపించింది, డాక్టరుకి చూపించినట్టు. బావ ఫోనుకి దండం పెట్టి, నమస్కారమమ్మా అన్నాడు. ఆవిడా చెయ్యెత్తింది.

కాల్ అయిపోయాక కూడా ఫోను నాకివ్వలేదు. నల్లగా ఉన్న తెర వైపే చూస్తున్నాడు.

"మళ్ళీ వచ్చిద్దా నీళ్ళు?"

"వస్తాయి. పోటుకి వచ్చేవి రాను రాను మామూలు రోజుల్లోనూ వస్తాయి. తర్వాత ఉండిపోతాయి."

"ఏటి నీళ్ళయితే తీసి సముద్రంలోకి పోతయ్యి," అన్నాడు మెల్లగా. బావ మెల్లగా మాట్లాడడం నేనప్పుడే విన్నాను. "మరి అయ్యి తీసి ఎక్కడికి పోతయ్యి?"

నా వైపు చూసి అడగలేదు.

ఆ రోజు నుంచి అన్నం దగ్గర, నీ లంక ఇంకా తేలుతోందా మరదలా అన్న మాట ఆగిపోయింది. ఏళ్ళ తరబడి ఆ మాట పడి పడి నాకు చేదెక్కింది. ఆగిపోయాక అంతకంటే బాధేసింది, ఎందుకంటే ఆగిందంటే ఆయనకి నిజమని తెలిసిందన్నమాట. శుక్రవారం సాయంత్రాలు మేడ మెట్ల కింద నిలబడి ఏమంది అని అడిగేవాడు. ఒకరోజు జీలుగ విత్తనాలు పొట్లం కట్టి నా కిటికీలో పెట్టి, పోస్టులో పంపు అన్నాడు. పంపనివ్వరు బావా అన్నాను. ఎందుకు పంపనివ్వరు, విత్తనమేగా అని అడిగి, నేను చెప్పేది వినకుండానే దిగి వెళ్ళిపోయాడు. పొట్లం అక్కడే ఉంది.

ఇక ఇది కూడా చెప్పాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. అక్క కంటి పరీక్షకి గుంటూరు వెళ్ళినప్పుడు బావ దారిలో యార్డు దగ్గర ఆగాడు. టీ బంకు దగ్గర రైతులు పదిమంది దాకా ఉన్నారు. వెనక బల్ల మీద అక్కా నేనూ కూర్చున్నాం. ధర మాటలయ్యాయి, తెగులు మాటలయ్యాయి. మధ్యలో బావ ఎవరూ అడక్కుండానే అన్నాడు.

"మా మరదలుండొచ్చిన లంకలో నీళ్ళు తియ్యవంట."

ఎవరూ నవ్వలేదు. ఒకాయన టీ గ్లాసు కిందపెట్టాడు.

"తియ్యకపోతే ఎట్టా?" అని అడిగాడు.

"అదే," అన్నాడు బావ. "వచ్చేదే సముద్రమంట. చౌడెక్కి నా మిరపచెట్టు చచ్చిపోయింది అక్కడ."

నా మిరపచెట్టు అన్నాడు. తర్వాత వాళ్ళు ఒకర్ని చూసి ఒకరు అడగడం మొదలుపెట్టారు, ఎందుకు వస్తోంది, ఎప్పటినుంచి, మన కొత్తపట్నం వైపు కూడానా, మనకీ కాలం కాని వానలు ఇందుకేనా అని. నేను అప్పడాలతో, కుర్చీలతో, బస్సులతో ఎవరి నోట్లోంచీ రప్పించలేని ప్రశ్నలన్నీ అక్కడ టీ బంకు దగ్గర వాటంతటవే వచ్చాయి. జవాబులు తెలిసినదాన్ని వాళ్ళ వెనకే, చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుని ఉన్నాను. బావ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి, ఇదిగో మా మరదలు, ఈవిడనడగండి అనలేదు. తెలిసినదీ తెలియనిదీ తనే చెప్పాడు. చెప్పింది సగం తప్పు. అయినా విన్నారు. సగం తప్పన్న సంగతి నేను ఆయనకి ఇంకా చెప్పలేదు, చెప్పడం మర్చిపోను కూడా.

వాన కాలం మొదట్లో దీవి ఖాళీ చేయించారు. మారదామన్న వాళ్ళు ఎక్కువయ్యారు, వద్దన్న వాళ్ళు కూడా బావుల్లో నీళ్ళు తాగలేక ఒప్పుకున్నారు. ఇంటావిడ అందరికంటే చివరి పడవ ఎక్కిందని అక్కడ నాతో పనిచేసిన టీచరు రాసింది. జోలి కుర్చీ పడవలో పట్టలేదట. మసీదు వెనక చాలాసేపు ఉండి వచ్చిందట, ఆవిడ వచ్చేదాకా పడవ వాళ్ళెవరూ తొందరపెట్టలేదట.

ఆ తర్వాత చాలా శుక్రవారాలు ఆవిడ ఫోను రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. బావ మెట్ల దగ్గరికొచ్చి నిలబడేవాడు, నేను అడ్డంగా తలూపితే వెళ్ళిపోయేవాడు.

నిన్నటి శుక్రవారం చేసింది. పెద్ద దీవిలో ఎత్తైన బిల్డింగులో ఫ్లాటు ఇచ్చారు. గోడలు బాగున్నాయంది. కుళాయి తిప్పితే మంచినీళ్ళొస్తున్నాయంది. బాల్కనీలోంచి ఎదురుగా ఇంకో బిల్డింగు బాల్కనీ కనిపిస్తోంది, సముద్రం కనిపించదు. అన్నేళ్ళూ సముద్రాన్ని చూసి భయపడి, ఇప్పుడు కనిపించడం లేదని ఏడుస్తున్నానంటే ఎవరు నమ్ముతారు టీచర్ అంది. మట్టి లేదంది. డ్రమ్ము తేనివ్వలేదంది.

తర్వాత ఎప్పటిలాగే అడిగింది. మీ వాళ్ళకి చెప్పావా?

ఈసారి అప్పడాల సంగతీ కుర్చీల సంగతీ చెప్పబుద్ధి కాలేదు. చెప్పాను, విన్నారు అన్నాను. మిరపకాయ ఆయన ఒక మాట అడిగాడని చెప్పాను. మా ఏటి లంకల్లో నీళ్ళు తీస్తే సముద్రంలోకి పోతాయని, మీ దీవిలో నీళ్ళు తీసి ఎక్కడికి పోతాయని అడిగాడని, ఆ తీయడమన్న మాటకి హిందీలో సరైన మాట దొరక్క చేత్తో చూపిస్తూ చెప్పాను.

ఆ బిల్డింగులో ఎక్కడో లిఫ్టు చప్పుడు వినిపించింది. కొలతలు తీసుకున్నవాళ్ళు వచ్చారు, ఫోటోలు తీసుకున్నవాళ్ళు వచ్చారు, ఆ మాట మమ్మల్ని ఎవరూ అడగలేదంది.

"ఆయనకి తెలుసా?" అంది.

తెలిసే అడిగాడేమోనని అనుకుంది. చౌడుకి మందు తెలిసినవాడు గదా, దీనికీ ఏదో తెలిసి ఉంటుందని అనుకుంది. నేను వెంటనే తెలియదని అనలేకపోయాను. కనుక్కుని చెప్తానన్నాను.

కిందికి దిగేసరికి బావ అన్నానికి కూర్చున్నాడు. అక్క వడ్డిస్తోంది. ఏమంది అని అడిగాడు, కళ్ళెత్తకుండా. ఇల్లు పోయిందని చెప్పాను, ఫ్లాటు సంగతి చెప్పాను. జోలి పడవలో పట్టలేదని చెప్పాను.

"నువ్వడిగిన మాట చెప్పాను బావా," అన్నాను. "అవి ఎక్కడికి పోతాయో నీకు తెలుసా అని అడిగింది."

కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. అక్క గరిటె పట్టుకుని నిలబడిపోయింది. బావ ముద్ద పళ్ళెంలో వదిలేసి, చెయ్యి కడుక్కున్నాడు. ఇంటి వెనక కొట్టంలోకి వెళ్ళి మిరప పట్టాలు మడతలు విప్పి ఒక్కోటీ చిరుగులు వెతకడం మొదలుపెట్టాడు. కోతకి ఇంకా చాలా నెలలున్నాయి. ఎందుకు ఇప్పుడని అక్క అడిగింది. ఆయన ఇంకో మడత విప్పాడు. నేను వెళ్ళి ఆ పట్టా రెండో కొస పట్టుకున్నాను. పట్టుకోమని ఆయన అడగలేదు. థాంక్స్ కూడా చెప్పలేదు.